ముగ్గురు డాక్టర్లు, మూడు మాటలు: మూర్ఛ గురించి మా వాళ్ళకి ఎంత తెలుసు?

ముందుగా ప్రశ్న క్లుప్తంగా. అడిగినాయన చెల్లెలికి 19 ఏళ్ళు, డిగ్రీ చదువుతోంది. ఏడాదిలో మూడుసార్లు ఫిట్స్ వచ్చాయి. మూడూ పొద్దున్న లేచిన గంటలోపే వచ్చాయి, వాటిలో రెండు పరీక్షల రోజుల్లో. మొదటి డాక్టరు ఈఈజీ (మెదడులోని కరెంటుని గీతల్లో చూపించే పరీక్ష) నార్మల్‌గా ఉంది, టెన్షన్ అంతే అని పంపేశారు. రెండో ఆయన ఎప్టోయిన్ అనే ఫిట్స్ మందు రాశారు. మూడో ఆవిడ అది మార్చి వాల్‌ప్రోయేట్ పెట్టి, "సంబంధాలు చూసేటప్పుడు ఈ సంగతి బయటపెట్టకండి" అన్నారట. "అసలు డాక్టర్లకే ఈ జబ్బు గురించి సరిగ్గా తెలియదా సార్?" అని ఆయన అడుగుతున్నారు.

నేను జనరల్ మెడిసిన్ చేసి, ఐదారేళ్ళు ప్రాక్టీస్ పెట్టి, ఆ తర్వాత న్యూరాలజీ చదివినవాణ్ణి. కోస్తాలో ఒక జిల్లా ఊళ్ళో ఇరవై ఏళ్ళుగా ఫిట్స్ వాళ్ళనే ఎక్కువగా చూస్తున్నాను. ఆ ముగ్గురినీ తిట్టడానికి నాకు నోరు రాదు, ఎందుకంటే మొదటి ఇద్దరు చేసిన పని నేనూ చేశాను. ఆ కథ ముందు చెబుతాను.

న్యూరాలజీ చదవక ముందు నా దగ్గరికి ఇంటర్ చదివే ఒక అమ్మాయిని తీసుకొచ్చారు. రెండుసార్లు ఫిట్స్ వచ్చి పడిపోయింది. స్కాన్ బాగానే ఉంది. నాకు బాగా తెలిసిన మందు టెగ్రెటాల్. అదే రాశాను. రెండు నెలల తర్వాత తల్లి మళ్ళీ వచ్చింది. ఆమె ఫిట్స్ గురించి మాట్లాడలేదు, కూతురి ప్రవర్తన గురించి మాట్లాడింది. "పొద్దున్నే టీ ఇస్తే గ్లాసు విసిరికొడుతోందండీ. గాజు గ్లాసులన్నీ అయిపోయాయి, ఇప్పుడు స్టీలు గ్లాసే ఇస్తున్నాం. తల దువ్వుకుంటుంటే దువ్వెన ఎగిరి అవతల పడుతుంది. వయసొచ్చింది కదా, పొగరు." అమ్మాయి తల దించుకుని కూర్చుంది. నేను నవ్వి, అమ్మ మాట వినమని నాలుగు నీతులు చెప్పి, టెగ్రెటాల్ డోసు పెంచి పంపాను.

మూడేళ్ళ తర్వాత న్యూరాలజీలో చేరినప్పుడు, మా ప్రొఫెసర్ ఓపీలో ఒక కుర్రాణ్ణి కూర్చోబెట్టి మొదటి ప్రశ్నగా "పొద్దున్న బ్రష్ చేసుకునేటప్పుడు చెయ్యి ఉలిక్కిపడినట్టు ఎగురుతుందా?" అని అడిగారు. వాడు "అవును సార్, మీకెలా తెలుసు?" అన్నాడు. నాకు ఆ స్టీలు గ్లాసు గుర్తొచ్చింది. ఆ అమ్మాయి గ్లాసు విసరలేదు. దాని చెయ్యే దాని మాట వినలేదు. నేనిచ్చిన మందు ఆ ఉలికిపాట్లని ఇంకా పెంచింది. ఆ అమ్మాయి మళ్ళీ నా దగ్గరికి రాలేదు, వస్తుందని ఆశించే హక్కు కూడా నాకు లేదు.

దాని పేరు జువెనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీ. క్లుప్తంగా జేఎంఈ అంటాం. జర్మనీలో డీటర్ యాంజ్ అనే న్యూరాలజిస్టు, తన సహచరుడితో కలిసి 1957లోనే దీన్ని వివరంగా రాశాడు. ఎక్కువగా పన్నెండు, పద్దెనిమిదేళ్ళ మధ్య మొదలవుతుంది. నిద్ర లేచిన కాసేపటికి చేతులు, భుజాలు ఒక్కసారి జెర్క్ కొడతాయి. స్పృహ పోదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. రాత్రంతా మేలుకుంటే, పరీక్షలకి చదివితే, పెళ్ళిళ్ళలో జాగారం చేస్తే ఆ మర్నాడు పొద్దున్న పెద్ద ఫిట్ వస్తుంది. కొందరికి మెరిసే లైట్లు కూడా పడవు. ఎంఆర్ఐ నార్మల్‌గానే ఉంటుంది. ఫెనిటాయిన్ అంటే మీ ఎప్టోయిన్, కార్బమజెపిన్ అంటే నా టెగ్రెటాల్, ఈ రెండూ వేరే రకం మూర్ఛలకి మంచి మందులే. ఇందులో మాత్రం జెర్కుల్ని పెంచగలవు.

మీ చెల్లెలిది ఇదే అని నేను అనడం లేదు. మనిషిని చూడకుండా అనకూడదు. కానీ మీరు రాసిన నాలుగు లైన్లలో "పొద్దున్నే", "పరీక్షల రోజుల్లో" అన్న రెండు ముక్కలు చూడగానే నేను కుర్చీలో ముందుకు జరిగాను. ఆ ముగ్గురిలో ఒక్కరైనా జెర్కుల గురించి అడిగారా అన్నది మీరు రాయలేదు. అడిగి ఉండరనే నా అనుమానం. మూడో ఆవిడ మందు మార్చారంటే ఆవిడకి ఏదో తట్టి ఉండాలి, కానీ మీకు విడమర్చి చెప్పలేదు.

మీ ప్రశ్నకి నా జవాబు ఇక్కడే ఉంది. మా వాళ్ళకి మందుల పేర్లు తెలుసు, డోసులు తెలుసు. ఫిట్‌ని కళ్ళారా చూసినవాళ్ళని కూర్చోబెట్టి పది నిమిషాలు అడగడం మాత్రం అలవాటు లేదు. మూర్ఛ అనేది నూటికి తొంభై పాళ్ళు మాటలతో తేల్చే జబ్బు. ఎందుకంటే పేషెంటు మన గదిలోకి వచ్చేసరికి ఫిట్ అయిపోయి ఉంటుంది. చూసిన తల్లో, రూమ్మేటో, ఆటో డ్రైవరో చెప్పాలి. మేం వాళ్ళని బయట కూర్చోమని, లోపల కాగితాలు చూస్తాం.

ఈఈజీ సంగతి చూడండి. అది ఇరవై, ముప్ఫై నిమిషాల రికార్డింగు. ఆ అరగంటలో మెదడు తన తేడా బయటపెడితే కనిపిస్తుంది, లేకపోతే లేదు. నిజంగా మూర్ఛ ఉన్నవాళ్ళలో కూడా మొదటి ఈఈజీలో సుమారు సగం మందికే తేడా దొరుకుతుంది. రాత్రి నిద్ర తగ్గించి, మర్నాడు పొద్దున్న కాసేపు నిద్రపుచ్చి తీస్తే ఇంకొంత మందికి దొరుకుతుంది. అందుకని "ఈఈజీ నార్మల్, కాబట్టి ఫిట్స్ కాదు" అనేది తప్పు. ఇది ఎండీ చేసినవాళ్ళ నోటి నుంచి కూడా ఇప్పటికీ వింటున్నాను.

దీనికి తిరగేసిన తప్పు ఇంకా ప్రమాదం. ఒక కానిస్టేబుల్ ఎండలో పరేడ్‌లో గంటసేపు నిలబడి, కళ్ళు చీకట్లు కమ్మి, చెమటలు పట్టి కుప్పకూలాడు. పడ్డాక చేతులు నాలుగైదు సార్లు కొట్టుకున్నాయి. నిమిషంలో లేచి నీళ్ళడిగాడు. అది ఉత్త సొమ్మసిల్లడం. మెదడుకి రక్తం తగ్గినప్పుడు అలా కొన్ని కొట్టుకోవడాలు మామూలే. కానీ ఈఈజీలో ఏదో చిన్న గీత కనిపించిందని మూర్ఛ ముద్ర వేసి నాలుగేళ్ళు మాత్రలు మింగించారు. నేను అడిగింది రెండే: పడబోయే ముందు ఏమైంది, లేచాక ఎంతసేపటికి మనుషుల్ని గుర్తుపట్టావు? ఫిట్ అయితే లేచాక చాలాసేపు మత్తుగా, అయోమయంగా ఉంటారు. కొందరు నాలుక పక్కన కొరుక్కుని ఉంటారు. ఇతనికి ఏదీ లేదు. మాత్రలు మెల్లగా తగ్గించి ఆపేశాం.

ఎందుకిలా అంటే, మా చదువు అలా ఉంది. ఎంబీబీఎస్‌లో న్యూరాలజీ విడి సబ్జెక్టు కాదు, జనరల్ మెడిసిన్‌లో ఒక ముక్క. అందులోనూ వార్డులో కనిపించేది పక్షవాతం. ఫిట్స్ వాళ్ళు క్యాజువాలిటీకి వస్తారు, హౌస్ సర్జన్ ఇంజెక్షన్ ఇస్తాడు, తెల్లారి వెళ్ళిపోతారు. ఆ మనిషి మర్నాడు కాలేజీకి ఎలా వెళ్ళాడు, మాత్ర ఎవరికీ కనబడకుండా ఎక్కడ దాచుకున్నాడు అన్నది ఆ కుర్ర డాక్టరుకి ఎప్పటికీ తెలియదు. దేశంలో మూర్ఛ ఉన్నవాళ్ళు కోటి మందికి పైనే ఉంటారని అంచనా. న్యూరాలజిస్టులం వేలల్లోనే ఉన్నాం, అదీ ఎక్కువగా పెద్ద ఊళ్ళలో. కాబట్టి ఈ జబ్బుని చూడాల్సింది ఊళ్ళో ఎంబీబీఎస్ డాక్టరే. చూడగలరు కూడా. సరైన మందు సరిగ్గా వాడితే నూటికి డెబ్భై మంది వరకూ ఫిట్స్ లేకుండా బతకొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. అందులో కొన్ని మందులు చాలా చవక. వాటిలో ఒకటైన గార్డినాల్‌ని 1912 నుంచి మూర్ఛకి వాడుతున్నారు.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. కొన్నిసార్లు తప్పు ఒక డాక్టరుది కాదు, మొత్తం వైద్యానిదే. నేను చదువుకునే రోజుల్లో ఫిట్స్ వచ్చినవాళ్ళ సీటీ స్కాన్‌లో చిన్న ఉంగరంలాంటి మచ్చ కనిపిస్తే టీబీ గడ్డ అనుకుని నెలల తరబడి టీబీ మందులు వాడేవాళ్ళు. 1980ల చివర, 90ల మొదట్లో వేలూరు సీఎంసీ ఆస్పత్రి వాళ్ళు అలాంటి మచ్చల్ని ఆపరేషన్‌తో తీసి చూస్తే, చాలావాటిలో టీబీ కాదు, బద్దెపురుగు పిల్ల దశ చుట్టూ కట్టిన వాపు కనిపించింది. చాలామందిలో అది దానంతటదే కరిగిపోతుంది. ఇప్పటికీ ఈ మచ్చ చూసి "మేం మాంసమే తినం కదండీ" అని ఆశ్చర్యపోతారు. పురుగు పిల్లలున్న పంది మాంసం సరిగ్గా ఉడకకుండా తింటే కడుపులో పురుగు వస్తుంది. మెదడుకి పోయేది మాత్రం పురుగు ఉన్న మనిషి మలంలోంచి నీళ్ళకీ, పచ్చి కూరలకీ అంటుకున్న గుడ్లు. ఏ ఇంట్లోనైనా రావొచ్చు.

ఇక మూడో ఆవిడ మాట. "బయటపెట్టకండి." ఇది ఏ పుస్తకంలోనూ లేదు. ఈ మాట ఆవిడకి ఇంట్లోంచి వచ్చింది. డాక్టర్లు ఆకాశంలోంచి ఊడిపడరు. మా నాయనమ్మ దీన్ని కాకిసొమ్మ అనేది, ఫిట్ వచ్చినవాళ్ళ దగ్గరికి పిల్లల్ని వెళ్ళనిచ్చేది కాదు. తాళం చేతుల గుత్తి చేతిలో పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం, గాలి సోకిందని తాయెత్తు కట్టించడం చూస్తూనే నేనూ పెరిగాను. ఎంబీబీఎస్ సీటు రాగానే అదంతా తుడిచిపెట్టుకుపోదు. నా తోటి డాక్టర్లే తమ పిల్లలకి ఫిట్స్ వస్తే రాత్రి తొమ్మిది దాటాక క్లినిక్ వెనక గుమ్మంలోంచి తీసుకొస్తారు. ఫైల్లో వేరే ఏదైనా రాయమంటారు. నేను రాయను. కానీ వాళ్ళ భయం నాకు అర్థమవుతుంది.

పాత కాలపు పెద్ద డాక్టర్లూ దీనికి అతీతులు కారు. మూర్ఛకి పనిచేసిన మొదటి మందు బ్రోమైడ్. దాన్ని 1857లో లండన్‌లో ప్రస్తావించిన చార్లెస్ లోకాక్ విక్టోరియా రాణికి పురుడు పోసిన డాక్టరు. ఆడవాళ్ళలో నెలసరితో పాటు వచ్చే మూర్ఛని హిస్టీరియాగా లెక్కగట్టి ఆయన ఆ మందు ఇచ్చాడు. మందు పనిచేసింది, ఆయన చెప్పిన కారణం మాత్రం తప్పు. "పెళ్ళి చేస్తే అదే తగ్గిపోతుంది" అని మన దగ్గర ఇంకా చెప్పేవాళ్ళు ఆ కాలంలోనే ఉన్నారు.

పెళ్ళి గురించి చట్టం ఏమంటుందో చాలామంది డాక్టర్లకి తెలియదు. 1955 హిందూ వివాహ చట్టంలో మాటిమాటికీ మూర్ఛ వచ్చేవాళ్ళు పెళ్ళికి అర్హులు కారని ఉండేది. 1999లో సవరణ చేసి ఆ మాట తీసేశారు. ప్రత్యేక వివాహ చట్టంలోంచీ తీసేశారు. కాబట్టి మీ చెల్లెలి పెళ్ళికి చట్టం అడ్డు కాదు. దాచిపెట్టడం వల్ల వచ్చే కష్టం వేరు. ఒక పెళ్ళికూతురు అత్తారింటికి మాత్రల్ని పసుపు డబ్బాలో దాచి తీసుకెళ్ళింది. కొత్తిల్లు, ఎప్పుడూ చుట్టూ జనం. డబ్బా తియ్యడానికి వీలు కుదరలేదు. నాలుగు రోజులు మాత్ర లేదు, నిద్ర అసలే లేదు. ఐదో రోజు తెల్లవారుజామున ఫిట్ మీద ఫిట్ వచ్చి ఐసీయూలో చేరింది. అప్పుడు అందరికీ తెలిసింది, అదీ చాలా చెడ్డగా తెలిసింది. నేను పెళ్ళికి ముందే రెండు వైపులవాళ్ళనీ కూర్చోబెట్టి మాట్లాడతాను. కొన్ని సంబంధాలు తప్పిపోయాయి, అబద్ధం చెప్పను. నిలబడినవాటిలో భర్తలే మాత్ర టైం గుర్తుచేస్తున్నారు.

వాల్‌ప్రోయేట్ దగ్గర మాత్రం కాస్త ఆగాలి. జేఎంఈకి అది చాలా బాగా పనిచేస్తుంది, అందుకే చేతికి ముందు అదే వస్తుంది. కానీ గర్భంలో ఉన్న బిడ్డకి అన్ని ఫిట్స్ మందుల్లోకీ ఎక్కువ హాని చేసేది కూడా అదే. ఆ మందు వాడుతున్న తల్లులకి పుట్టే పిల్లల్లో పదిమందిలో ఒకరికి పెద్ద అవయవ లోపం ఉండొచ్చు, మూడో వంతుకి అటూఇటూగా పిల్లలకి మాటల్లో, చదువులో, ఎదుగుదలలో ఇబ్బందులు రావొచ్చు. మన పక్కనే తిరువనంతపురంలో శ్రీ చిత్ర వైద్య సంస్థ 1998 నుంచి మూర్ఛ ఉన్న గర్భిణుల వివరాలు నమోదు చేస్తోంది, ఇది మనకి తెలియని సంగతేం కాదు. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా పిల్లలు పుట్టే వయసులో ఉన్న అమ్మాయిలకి వాల్‌ప్రోయేట్ మొదలుపెట్టవద్దని గట్టిగా చెప్పింది. 19 ఏళ్ళ అమ్మాయికి ఆ మందు రాస్తూ పెళ్ళి ప్రస్తావన తెచ్చిన డాక్టరు, చెప్పాల్సింది ఇదే. లెవెటిరసెటామ్, లామోట్రిజిన్ లాంటి వేరే ఫిట్స్ మందులు ఆలోచించారా, ఎందుకు వద్దనుకున్నారు అని మర్యాదగా అడగండి. కొందరికి వేరే మందులు పనిచేయక దీనికే రావాల్సి వస్తుంది. అప్పుడు కూడా విషయం చెప్పి, అమ్మాయి ఒప్పుకున్నాకే ఇవ్వాలి.

ఒక హెచ్చరిక. ఇది చదివి రేపు పొద్దున్న వాల్‌ప్రోయేట్ ఆపేయకండి. ఏ ఫిట్స్ మందైనా హఠాత్తుగా ఆపితే మళ్ళీ మళ్ళీ ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావొచ్చు. మార్పు డాక్టరు చేతుల మీదుగా, ఒకటి పెంచుతూ ఇంకోటి తగ్గిస్తూ జరగాలి. గర్భం అని తెలియగానే భయపడి మాత్రలన్నీ ఆపించే డాక్టర్లూ ఉన్నారు, అదీ ఇంతే ప్రమాదం. మూర్ఛ ఉన్న తల్లుల్లో ఎక్కువమందికి ఆరోగ్యమైన పిల్లలే పుడతారు. ముందే ప్లాన్ చేసుకుని, సరైన మందుకి మారి, ఫోలిక్ యాసిడ్ వేసుకుంటూ ఉండాలి. పాలూ ఇవ్వొచ్చు.

"రెండేళ్ళు ఫిట్స్ రాకపోతే మందు ఆపేయొచ్చు" అని కూడా మీకు ఎవరో ఒకరు చెబుతారు. చాలా రకాల మూర్ఛల్లో అది ఆలోచించదగ్గ మాటే. జేఎంఈలో మాత్రం ఆపితే తిరగబెట్టేది ఎక్కువ. అందుకే ఏ రకం మూర్ఛ అన్నది ముందు తేలాలి. చీటీ మీద "ఫిట్స్" అని మాత్రమే రాసి ఉంటే, "ఏ రకం అండీ?" అని అడగడం మీ హక్కు.

ఇంకో మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. క్యాజువాలిటీలో "ఇది డ్రామా" అని పేషెంటు ముందే అనేస్తారు. మెదడులో కరెంటు తేడా లేకుండా, మనసులోని ఒత్తిడి వల్ల వచ్చే ఫిట్స్ నిజంగానే ఉన్నాయి. వాటికి ఫిట్స్ మాత్రలు పనిచేయవు, చికిత్స వేరే ఉంది. కానీ అవి నటన కాదు. ఆ అమ్మాయిని గిచ్చి, ముక్కు దగ్గర దూది అంటించి, ఇంట్లోవాళ్ళ ముందు దొంగని పట్టుకున్నట్టు మాట్లాడితే, ఆ మనిషి ఆ తర్వాత ఏ డాక్టరు మాటా నమ్మదు.

నోట్లో చెంచా పెట్టే నర్సుల్నీ, వార్డ్ బాయ్‌లనీ ఇప్పటికీ చూస్తున్నాను. పళ్ళు విరుగుతాయి తప్ప లాభం లేదు. ఇంట్లో ఫిట్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టండి, తల కింద మెత్తగా ఏదైనా పెట్టండి, నోట్లో ఏమీ పెట్టొద్దు, నీళ్ళూ పొయ్యొద్దు. గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటితే ఆస్పత్రికి తీసుకెళ్ళండి. ముక్కులో కొట్టే మిడజోలామ్ స్ప్రే ఒకటి దొరుకుతుంది, ఇంట్లో ఉంచుకోవాలా అని మీ డాక్టరుని అడగండి. బాత్‌రూమ్ గడియ పెట్టుకోవద్దని చెల్లికి చెప్పండి. స్కూటీ ఉంటే ప్రస్తుతానికి తాళం మీ దగ్గర పెట్టుకోండి. లైసెన్సుకి ఇచ్చే ఫారం 1లో మూర్ఛ ఉందా అని ప్రశ్న ఉంటుంది, అక్కడ అబద్ధం రాయించకండి.

మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఫిట్‌ని చూసినవాళ్ళని వెంట తీసుకెళ్ళండి. మీరు హైదరాబాద్‌లో ఉండి ఫోన్లో విన్నవారైతే, మీరు కాదు, అమ్మ వెళ్ళాలి. ఎవరైనా ఫోన్‌తో ఫిట్‌ని వీడియో తీయగలిగితే నాలాంటి వాడికి అది ఎంఆర్ఐ కన్నా విలువైంది. తీసేటప్పుడు మొహం, రెండు చేతులూ కనిపించాలి, దుప్పటి తీసెయ్యాలి. ఒక నోట్‌బుక్‌లో ఏ రోజు, ఎన్ని గంటలకి, ముందు రాత్రి ఎంత నిద్ర, మాత్ర వేసుకుందా అని రాయించండి. పది నిమిషాలు వినని డాక్టరు దగ్గర అది మీ బదులు మాట్లాడుతుంది.

ఈలోపు మీ చెల్లిని ఒక్క మాట అడగండి. అమ్మ పక్కన లేనప్పుడు అడగండి, తిట్లు తిన్న పిల్ల అయితే ఒప్పుకోదు. పొద్దున్న లేచాక చేతిలోంచి గ్లాసు గానీ, బ్రష్ గానీ, దువ్వెన గానీ ఎగిరి పడుతుందా? ఎప్పటి నుంచి? ఏం చెప్పిందో ఇక్కడ కింద రాయండి, మిగతాది అప్పుడు మాట్లాడుకుందాం.